2147483647 ప్రధాన సంఖ్య కాదంటోంది నా ప్రోగ్రామ్. తప్పెక్కడ?

అలిపిరి_మెట్టు: తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం. 'సీ'లో రాశాను. ఇచ్చిన సంఖ్య ఎన్‌ను 3 నుంచి ఒక్కో బేసి సంఖ్య ఐతో భాగిస్తూ పోతుంది, ఐ*ఐ <= ఎన్ ఉన్నంతవరకు లూప్. అన్నీ ఇంట్ (మామూలు పూర్ణ సంఖ్యల) రకమే. చిన్నవాటికి జవాబు సరిగ్గానే వస్తోంది. 2147483647 ఇస్తే మాత్రం కాసేపు తిరిగి 'కాదు' అంటోంది. ఇది 2^31−1, ఆయిలర్ 1772లోనే ప్రధాన సంఖ్య అని తేల్చాడు కదా! ఏందన్నా ఇది?

పుంగనూరు_గిత్త: లెక్క సరైందే తమ్ముడూ, డబ్బానే చాల్లేదు. 32 బిట్ల ఇంట్‌లో పట్టే అతి పెద్ద సంఖ్య సరిగ్గా ఇదే. 46341 వర్గం 2147488281. అది పట్టక చుట్టు తిరిగి −2147479015 అవుతుంది. రుణ సంఖ్య ఎన్ కన్నా చిన్నదేగా, లూప్ ఆగదు. అసలు ఏ ఇంట్ విలువా ఈ ఎన్‌ను దాటలేదు. చివరికి ఐ కూడా 2147483647 దాకా పోతుంది, తనను తానే భాగించుకుంటుంది, శేషం 0. అదీ నీకొచ్చిన 'కాదు'. షరతును ఐ <= ఎన్/ఐ అని మార్చు. లేదంటే ఐని 64 బిట్ల లాంగ్ లాంగ్‌గా ప్రకటించు. గుణించాక మార్చితే లాభం లేదు, అప్పటికే చెడిపోయుంటుంది.

అలిపిరి_మెట్టు: సరే అన్నా. భాగహారాలు మానేసి, 2^(ఎన్−1)ని ఎన్‌తో భాగిస్తే శేషం 1 వస్తుందా అని ఫెర్మా పద్ధతిలో చూస్తే?

మదనపల్లె_టమాట: ఈ రకం సంఖ్యల దగ్గర 2తో ఆ పరీక్ష పెట్టడం దండగ. పి ప్రధాన సంఖ్య అయితే చాలు, 2^పి−1 ఏదైనా పాసైపోతుంది. 2047 (2^11−1) కూడా పాసే, కానీ అది 23×89.

ఆయిలర్ దారి చూడు. 2^31−1కి ప్రధాన కారణాంకం ఏదైనా ఉంటే అది 62తో భాగిస్తే 1 మిగలాలి, 8తో భాగిస్తే 1 గానీ 7 గానీ మిగలాలి. రెండూ కలిపితే 248కె+1, 248కె+63 మాత్రమే (కె ఏదో ఒక పూర్ణ సంఖ్య). 46340 లోపు అలాంటివి 373. నీ లూప్‌లో బేసి సంఖ్యలు 23,169. అలిపిరి దారి వదిలి శ్రీవారి మెట్టు ఎక్కినట్టు!

ఇంకా పెద్దవాటికి లూకాస్–లెమర్ పరీక్ష. 4తో మొదలుపెట్టి, వర్గం చేసి 2 తీసేసి, 2^పి−1తో భాగించి శేషం ఉంచుకో. ఇలా పి−2 సార్లు. చివర 0 వస్తే ప్రధాన సంఖ్య. 31కి (2^5−1): 4, 14, 8, 0. అదే 2047కి 9 సార్లు చేశాక 1736 మిగులుతుంది. 2024లో దొరికిన 2^136279841−1కీ ఈ పరీక్షే పెట్టారు, దానికి 4,10,24,320 అంకెలు.

పి=31 వరకు వర్గం లాంగ్ లాంగ్‌లో పడుతుంది. పి=61కి 122 బిట్లు కావాలి, పైథాన్‌కు మారిపో.

పుంగనూరు_గిత్త: పి=2 ఒక్కటి విడిగా రాసుకో. అక్కడ సున్నా సార్లు తిరిగి, 4ని 3తో భాగిస్తే 1 మిగిలి, 3ను కూడా ప్రధాన సంఖ్య కాదనేస్తుంది.