లాగ్స్ చూడ్డానికి సుడో (అడ్మిన్ అధికారంతో కమాండ్ నడిపే హక్కు) ఇవ్వాలా, గ్రూపులో చేర్చాలా?

సర్వర్‌మేస్త్రి, మారతహళ్లి:
ఇక్కడి ఉబుంటు సర్వర్‌లో డెవలపర్లు జర్నల్‌సీటీఎల్ (సిస్టమ్ లాగ్ అయిన జర్నల్‌ని చూపే కమాండ్) కొడితే సొంత మెసేజీలే వస్తున్నాయి, సిస్టమ్‌వి రావట్లేదు. ఏడీఎం, సిస్టమ్‌డీ-జర్నల్ గ్రూపుల వాళ్ళకే అన్నీ కనిపిస్తాయని పైన హింట్ వస్తోంది. ఉన్న లాగ్ అంతా అందరి ముందూ పరవడం నాకిష్టం లేదు. సుడోయర్స్‌లో (సుడో ఎవరికి, దేనికి అని రాసే ఫైల్) ఆ ఒక్క కమాండ్‌కే పర్మిషన్ ఇస్తే సరిపోదా? ఎవరు ఎప్పుడు చూశారో కూడా రికార్డవుతుంది.

లాగ్‌చూపు, హెబ్బాళ:
అది ఇంకా ప్రమాదమండీ. సుడోతో అది రూట్‌గా, అంటే సర్వర్ మీద పూర్తి అధికారంతో నడుస్తుంది. వ్యాక్యూమ్-సైజ్ ఆప్షన్ ఇచ్చి పాత జర్నల్ ఎవరైనా చెరిపేయొచ్చు. పైగా ఔట్‌పుట్ తెరుచుకునేది లెస్‌లో (పేజీలుగా చూపే ప్రోగ్రామ్). సిస్టమ్‌డీ (ఈ జర్నల్‌ని నడిపే సాఫ్ట్‌వేర్) వెర్షన్ 247 కంటే పాతదైతే అక్కడే ఆశ్చర్యార్థకం, పక్కనే ఎస్‌హెచ్ కొడితే రూట్ షెల్ చేతికొస్తుంది. సీవీఈ-2023-26604 అనే నంబరున్న భద్రతా లోపం దీని గురించే. ఉబుంటు 20.04తో వచ్చింది 245, కాబట్టి ప్యాచ్ పడిందో లేదో చూసుకోండి. గ్రూపు ఇచ్చేది చదివే హక్కు మాత్రమే, చెరపడం కుదరదు.

సర్వర్‌మేస్త్రి:
చెరిపే సంగతి ఒప్పుకుంటాను. కానీ లాగిన్ దగ్గర యూజర్‌నేమ్ బదులు పాస్‌వర్డ్ టైప్ చేస్తే అది లాగ్‌లో పడుతుంది. సుడో కమాండ్లూ ఆర్గ్యుమెంట్లతో సహా పడతాయి. చదివితే చాలు, కొంప మునగడానికి.

కెర్నల్‌కబుర్లు, కేఆర్ పురం:
మేస్త్రి గారి భయంలో న్యాయముంది. సిస్టమ్‌డీ-జర్నల్ ఒక్కటే ఇచ్చినా ఆథ్ (లాగిన్, సుడో) మెసేజీలు జర్నల్‌లోనూ ఉంటాయి. తమ సర్వీస్ లాగ్ చాలనుకునే వాళ్ళకి సుడోయర్స్‌లో లైను మొత్తం బిగించి రాయండి: జర్నల్‌సీటీఎల్, మైనస్ యూ, సర్వీస్ పేరు, నో-పేజర్ (లెస్ తెరవకుండా). ఆర్గ్యుమెంట్లు రాశాక సుడో అక్షరం తేడా వచ్చినా ఒప్పుకోదు. స్టార్ గుర్తు (ఏదొచ్చినా సరే అని అర్థం) మాత్రం పెట్టొద్దు, వ్యాక్యూమ్ దాంట్లోంచే దూరుతుంది. లైవ్‌గా చూడాలంటే మైనస్ ఎఫ్‌తో ఇంకో లైను. రాత్రిపూట సర్వర్ లేపాల్సిన వాళ్ళకి మాత్రం గ్రూపే ఇవ్వాలి. డిస్కు తప్పో, మెమరీ తప్పో ఒక్క సర్వీస్ లాగ్‌లో తేలదు.

లాగ్‌చూపు:
ఇది నాకూ సమ్మతమే. గ్రూపులో చేర్చేటప్పుడు యూజర్‌మాడ్ కమాండ్‌కి చిన్న ఏ, పెద్ద జీ రెండూ ఉండాలి. ఏ మరిచిపోతే మిగతా గ్రూపులన్నీ ఊడిపోతాయి, సుడో గ్రూపుతో సహా. చేర్చాక ఐడీ కమాండ్, పక్కన యూజర్ పేరు కొడితే కొత్త గ్రూపు చూపిస్తుంది. ఉత్త ఐడీ కొడితే చూపించదు, ఎందుకంటే ఆ షెల్ పాత లాగిన్‌ది. టీమక్స్ (లాగౌట్ అయినా టెర్మినల్ సెషన్ ఆగకుండా ఉంచే ప్రోగ్రామ్) వాడేవాళ్ళు బయటికెళ్ళి మళ్ళీ లాగిన్ అయినా పాత సెషన్‌కే అతుక్కుంటారు. టీమక్స్ సర్వర్‌నే ఆపి మళ్ళీ మొదలుపెట్టాలి.