నాయినకు స్మార్ట్‌ఫోన్ ఇప్పించాలా, కీప్యాడే ఉంచాలా?

పరకాల_పత్తి:
మా నాయినకు అరవై దాటాయి, ఇన్నేళ్లూ కీప్యాడ్ ఫోనే. ఇప్పుడు పత్తి అమ్మాలంటే స్లాట్ యాప్‌లోనే బుక్ చేయాలన్నారు. ఓటీపీ ఆయన నంబరుకు వస్తుంది, నేనేమో హైదరాబాద్‌లో డ్యూటీలో ఉంటా, ఆయన అద్దాలు వెతుక్కుని ఒక్కో అంకె చదివేలోపు టైమ్ అయిపోతుంది. పది వేల లోపు ఏ ఫోన్ మంచిది? అక్షరాలు పెద్దగా కనబడాలి, చార్జింగ్ ఎక్కువసేపు నిలవాలి. మోసాల సంగతి కూడా చెప్పండి.

కాజీపేట_జంక్షన్:
కీప్యాడే ఉంచు తమ్మీ. స్మార్ట్‌ఫోన్ వచ్చాక మా ఇంట్లో అన్నం దగ్గర కూడా ఒకరి మొహం ఒకరు చూడటం లేదు. నోకియా 3310 ఉన్నప్పుడు దాని టార్చ్ వేసుకుని రాత్రిపూట మోటర్ కాడికి పోయేవాళ్లం, ఎన్నిసార్లు కింద పడ్డా ఏమీ కాలేదు.

చౌరస్తా_మొబైల్‌కేర్:
3310లో టార్చ్ లేదన్నా. అది 2000లో వచ్చిన ఫోన్. టార్చ్ ఉన్నది 2003లో వచ్చిన 1100లో, సీ బటన్ నొక్కి పట్టుకుంటే వెలిగేది. హన్మకొండలో కీప్యాడ్ కాలం నుంచి రిపేర్లు చేస్తున్నా, రెండూ విప్పి బిగించినవాణ్ని.

కాజీపేట_జంక్షన్:
ఏళ్ల తరబడి నా జేబులో ఉన్న ఫోన్ నాకు తెలియదా? దుకాణం పెట్టినంత మాత్రాన అన్నీ తెలిసినట్టేనా?

చౌరస్తా_మొబైల్‌కేర్:
కోపం ఎందుకు, వెనక మూత తీసి చూడండి. బ్యాటరీ మీద బీఎల్-5సీ అని ఉంటే అది 3310 కాదు, దానికి ఆ బ్యాటరీ పట్టదు. రెండింటికీ మధ్యలో ఒకటే పెద్ద బటన్, పక్కన సీ, అందుకే చాలామంది కలగలిపేస్తారు.

కాజీపేట_జంక్షన్:
బీఎల్-5సీ ఎవరింట్లో లేదు? ఫోన్ పోయినా ఆ బ్యాటరీని చిన్న రేడియోలో వేసుకుని పాటలు విన్నాం. ఇప్పటి ఫోన్లకు మూతే తెరుచుకోదు, బ్యాటరీ ఉబ్బితే దుకాణం చుట్టూ తిరగాల్సిందే.

జమ్మికుంట_అక్క:
జర ఆ టార్చ్ పంచాయితీ ఆపండి, ఆ పిల్లగాడు అడిగిందేంది? మా మరిదికి వాట్సాప్‌లో పీఎం కిసాన్ పేరుతో ఏపీకే ఫైల్, అంటే నొక్కితే ఫోన్‌లో యాప్ ఎక్కే ఫైల్ వచ్చింది. తెలిసినాయన నంబరు నుంచే వచ్చిందని నొక్కాడు. మెసేజ్‌లు చదివే పర్మిషన్ దానికి దొరికింది, ఓటీపీలు వాళ్లకు చేరాయి, మిర్చి అమ్మిన డబ్బు అకౌంట్‌లో నుంచి వెళ్లిపోయింది. వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే కొంత ఆగింది, మిగతాది పోయినట్టే. ఇచ్చే ముందే ఆయన ముందు కూర్చుని చెప్పు: ఫైల్ ఏది వచ్చినా నొక్కొద్దని.

ఏటూరునాగారం_మాస్టారు:
మీకు సిగ్నల్ ఉంది కాబట్టి ఫోన్ల గురించి మాట్లాడుతున్నారు. 2016లో జియో వచ్చాక ఊరూరా డేటా అన్నారు, మా లోపలి గూడేల్లో ఫోన్ పట్టుకుని గుట్టెక్కాల్సి వచ్చేది. 2020లో పాఠాలు టీ-శాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో వచ్చాయి. టీవీ లేని ఇంట్లో ఉన్న ఒక్క ఫోన్ తండ్రితోపాటు చేనుకు పోయేది. ఆ పిల్లల చదువు ఎంత వెనకబడిందో తరగతిలో నేను చూశాను.

కేయూ_హాస్టల్:
సార్ చెప్పింది నిజం. తెలుగు విషయానికొస్తే అన్నా, ఇప్పుడు భయం లేదు. 2018 ఫిబ్రవరిలో ‘జ్ఞా’ అని మెసేజ్ వస్తే చాలు ఐఫోన్‌లో ఆ యాప్ క్రాష్ అయ్యేది, ఐఓఎస్ 11.2.6తో సరిచేశారు. నాయిన టైపింగే నేర్చుకోనక్కర్లేదు, మైక్ నొక్కి మాట్లాడితే తెలుగులో పడుతుంది. సెట్టింగ్స్‌లో ఫాంట్ సైజ్ చివరిదాకా జరుపు.

చౌరస్తా_మొబైల్‌కేర్:
డబ్బులు పంపడానికే అయితే స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, కీప్యాడ్‌కు యూపీఐ 123పే 2022 నుంచే ఉంది. స్లాట్ కోసమైతే కొనాల్సిందే. 5000 ఎంఏహెచ్ బ్యాటరీ ఉన్నది ఏదైనా తీసుకో. ఒక్క మాట, ఆయన పాత సిమ్ పెద్దది, నానో సిమ్‌కు మార్చాలి. కొత్త సిమ్ పడ్డాక 24 గంటలు ఎస్ఎంఎస్‌లు రావు, ఓటీపీ కూడా రాదు. స్లాట్ బుక్ చేసే రోజు సిమ్ మార్చొద్దు.

పరకాల_పత్తి:
ఇది నాకెవరూ చెప్పలేదన్నా. సిమ్ మార్చడానికి ఆయనే రావాలా, నేను పోతే ఇస్తారా?

చౌరస్తా_మొబైల్‌కేర్:
సిమ్ ఎవరి పేరు మీద ఉంటే వాళ్లే రావాలి. ఆధార్ కార్డు పట్టుకుని రమ్మను, వేలిముద్ర అడుగుతారు.