అపార్ట్‌మెంటు ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నడపడానికి సర్టిఫికెట్ తప్పనిసరి చేయాలా?

మణికొండ_కార్యదర్శి

మా వైపు అపార్ట్‌మెంటు సంఘాల గ్రూపులో ఒక ప్రతిపాదన నలుగుతోంది. 50 కేఎల్‌డీ (రోజుకు యాభై వేల లీటర్లు) దాటిన ప్రతి ఎస్టీపీలో షిఫ్టుకొక సర్టిఫికెట్ ఉన్న ఆపరేటర్, పైన డిప్లొమా చదివిన సూపర్‌వైజర్ ఉండేలా నిబంధన పెట్టమని కాలుష్య నియంత్రణ మండలికి అర్జీ ఇద్దామంటున్నారు. నేను సంతకం పెట్టలేదు. నా కారణాలు ఇవీ, కాదనేవాళ్లు వాదించండి.

మాది రెండు వందల ఫ్లాట్లు. మనిషికి రోజుకు 135 లీటర్లు, ఇంటికి నలుగురైదుగురు, అందులో ఎనభై శాతం మురుగు. ఈ లెక్కన రోజుకు లక్ష లీటర్లు, అంటే 100 కేఎల్‌డీ. ఇప్పుడు ఇద్దరు ఆపరేటర్లు పన్నెండేసి గంటలు చేస్తున్నారు. మూడు షిఫ్టులు, సెలవుల్లో బదులు చేసే రిలీవర్ ఒకరు, పైన సూపర్‌వైజర్ అంటే ఐదుగురు. మెయింటెనెన్సు అర్ధ రూపాయి పెంచితేనే జనరల్ బాడీలో యుద్ధం జరుగుతుంది.

అదలా ఉంచండి. మా ప్లాంటు జబ్బు మనుషులది కాదు, కట్టడానిది. కింది బేస్‌మెంటులో మూలకు తోసి కట్టారు. గాలి ఆడదు. మురుగు వచ్చి చేరే కలెక్షన్ ట్యాంకులో పంపు చెడితే పైకి లాగడానికి గొలుసు వేసే హుక్కు కూడా లేదు. ఎంత చదివినవాణ్ని తెచ్చినా దానికేం చేస్తాడు? బిల్డర్‌ని వదిలేసి నెల జీతగాడి చదువు మీద పడటం నాకు న్యాయంగా తోచలేదు.

మియాపూర్_ఆపరేటర్

సార్, నేను గా నెల జీతగాన్నే. పదో తరగతి పాసైన. నా మాట గూడ ఇనుండ్రి.

పొద్దుగాల డ్యూటీ ఎక్కంగనే మురుగుకు గాలి కొట్టే ఏరేషన్ ట్యాంకు కాడికి వోతా. లీటర్ జారు నిండా నీళ్లు దీసి కదలకుంట పక్కకు వెడ్తా. అర్ధ గంటల బురద, అంటె మురుగును తినే బ్యాక్టీరియా, కిందికి దిగాలె. మూడు వందల గీత కాడ ఆగితె ప్లాంటు మంచిగున్నట్టు. ఆరేడు వందల కాడ్నే నిలవడితే బురద ఎక్కువన్న అయింది, లేకుంటె ఉబ్బన్న ఉబ్బింది. పైన తేరిన నీళ్లు సాఫ్‌గ ఉన్నయా, పోగులు తేలుతున్నయా జూస్తా. ట్యాంకుల నీళ్లు చాక్లెట్ రంగుండాలె, వాన వడ్డ మట్టి వాసన రావాలె. నల్లగైందంటె గాలి అందుతలేదు. తెల్ల నురగ లేస్తే బురద ఇంక పల్చగున్నది. ఇదంత నాకు కాలేజీల ఎవ్వరు చెప్పలే. ముందు చేసినాయన చూపెట్టిండు, చేసుకుంట నేర్సుకున్న.

రేపు డిప్లొమా ఉంటెనే పని అంటె నేను ఎటు వోవాలె? మా ఏజెన్సీ డిప్లొమా పిల్లగాన్ని ఒక్కన్ని తెచ్చింది. నెల తిరగకముందే వాసన వడక వోయిండు.

కాకినాడ_కెమిస్ట్

తమ్ముడూ, ఆ జార్ పరీక్ష రోజూ చేస్తున్నావంటే చాలా సంతోషం. పెద్ద చదువులు చదివి ఆ జారు ముట్టుకోనివాళ్లను చూశాను. నీ ఉద్యోగం పోవాలని ఇక్కడ ఎవరికీ లేదు. కానీ కన్నూ ముక్కూ పట్టలేనివి కొన్ని ఉన్నాయి.

కేంద్ర పర్యావరణ శాఖ 2017 నోటిఫికేషన్‌లో శుద్ధి చేసిన నీళ్లకు బీఓడీ (నీళ్లలో మిగిలిన మలినాన్ని బ్యాక్టీరియా తినడానికి పట్టే ఆక్సిజన్) హద్దు మెట్రో నగరాల్లో లీటరుకు 20 మిల్లీగ్రాములు, మిగతా చోట్ల 30. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2019 ఏప్రిల్‌లో దాన్ని 10కి దించమంది, మొత్తం నైట్రోజన్ కూడా 10కి మించకూడదంది. 30 అందుకోవడానికి గాలి ఊదే బ్లోయర్ ఆగకుండా తిరిగితే సరిపోయేది. నైట్రోజన్ దించాలంటే అలా కుదరదు. ఒక దశలో గాలి బాగా ఇచ్చి అమ్మోనియాను నైట్రేటుగా మార్చాలి, తర్వాత గాలి లేని చోట ఆ నైట్రేటును విడగొట్టాలి. ఏ దశ ఎక్కడ దెబ్బతిందో నీళ్ల రంగు చెప్పదు. కొలవాలి, కొలిచిన అంకె అర్థం కావాలి.

చిన్న ప్లాంటు కాబట్టి చదువు అక్కర్లేదనే వాదన కూడా తప్పు. హైదరాబాద్‌లోని అంబర్‌పేట ప్లాంటు 339 ఎంఎల్‌డీ, అంటే రోజుకు 33.9 కోట్ల లీటర్లు. అక్కడ ఒక కాలనీలో ఎవరో బకెట్టు యాసిడ్ పోస్తే ఆ ప్రవాహంలో ఆనవాలుండదు. మీ లక్ష లీటర్ల ప్లాంటులో పండగ ముందు అందరూ ఒకేరోజు బాత్రూములు యాసిడ్‌తో కడిగితే బ్యాక్టీరియా సగం చస్తుంది, మళ్లీ పుంజుకోవడానికి వారాలు పడుతుంది. చిన్నదానికే ఎక్కువ నేర్పు కావాలి.

ఇంకొకటి, లాగ్ బుక్కులు. నమూనాలకు వెళ్లినప్పుడు ముందు అవే తెరిచేదాన్ని. నెలంతా పీహెచ్ 7.2, ఒకటే సిరా, ఒకటే ఒత్తు. నెలాఖరున కూర్చుని నింపినవి. కొలత ఎందుకో తెలియనివాళ్లకు ఆ గడి నింపడం వట్టి రాతపని.

కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి 2021 లెక్కల్లో దేశంలోని పట్టణాల మురుగు 72,368 ఎంఎల్‌డీ, కట్టిన ప్లాంట్ల సామర్థ్యం 31,841, నిజంగా శుద్ధవుతున్నది 20,236. పైపులు కలవకపోవడం లాంటి కారణాలు చాలానే ఉన్నాయి, అంతా ఆపరేటర్ల మీదికి నెట్టను. అయినా కట్టాం కదా, ఇక అదే నడుస్తుందిలే అనుకునే తీరు ఆ అంకెల్లో కనబడుతోంది.

హన్మకొండ_ఫ్లాట్_ఓనర్

చదువు సంగతి సరే. రాత్రి పదింటికి బ్లోయర్ ఆపించేది ఎవరు? కమిటీ వాళ్లే. ఒకరికి చప్పుడు, ఇంకొకరికి కరెంటు బిల్లు. ఆపరేటర్ పీహెచ్‌డీ చేసినా "ఆపు" అంటే ఆపాల్సిందే కదా.

ఒంటారియో_ఆపరేటర్

హన్మకొండ గారు అసలు సంగతి పట్టుకున్నారు. నేను కెనడాలో మురుగునీటి ప్లాంటులోనే పనిచేస్తాను, ఊరు గుంటూరు. ఇక్కడ ప్లాంటుకూ తరగతి ఉంటుంది, మనిషికీ ఉంటుంది, ఒకటి నుంచి నాలుగు దాకా. మొదట ట్రైనీగా చేరి, పరీక్ష రాసి, అనుభవం కూడాక మెట్టు ఎక్కాలి. ప్లాంటు తరగతికి తగ్గ లైసెన్సు ఉన్నవాళ్లే దానికి బాధ్యులుగా ఉండాలి. మూడేళ్లకోసారి రెన్యువల్.

దీనివల్ల జీతం పెరిగిందనుకోండి, అది అటుంచితే ఇంకో మేలుంది. పైవాళ్లు తప్పుడు పని చెబితే "నా లైసెన్సు పోతుంది" అని కాదనగలను. చట్టం నా వెనక ఉంటుంది. ఆ కాగితం లేకపోతే నేనూ బ్లోయర్ ఆపేవాణ్నే.

అయితే కార్యదర్శి గారి అనుమానంలోనూ పస ఉంది. 2000 మేలో ఇదే ఒంటారియోలో వాకర్టన్ అనే చిన్న ఊళ్లో తాగునీటి బావిలోకి పశువుల పేడ నుంచి ఈ.కోలై బ్యాక్టీరియా చేరింది. ఏడుగురు చనిపోయారు, 2,300 మందికి పైగా జబ్బుపడ్డారు. అక్కడ నీళ్లు చూసే అన్నదమ్ములిద్దరికీ లైసెన్సులున్నాయి. పరీక్ష లేకుండా, పాతవాళ్లని చెప్పి ఇచ్చేసినవి. క్లోరిన్ కొలవకుండానే రిజిస్టరులో అంకెలు వేసేవారు, కాకినాడ మేడమ్ చెప్పిన పీహెచ్ 7.2 లాగే. అది తాగునీరు, మనది మురుగు, కానీ పాఠం ఒకటే. పాతవాళ్లందరికీ ఉత్తినే సర్టిఫికెట్లు పంచి నిబంధన పాటించామంటే ఇంకా ప్రమాదం.

బెజవాడ_న్యాయవాది

మీరంతా ఏ చదువు అనే దగ్గరే ఉన్నారు. ఎంతమంది అనేది ముందు తేల్చండి. పన్నెండు గంటలు బేస్‌మెంటులో ఒక్కడే మనిషి, ఫోను సిగ్నల్ అందదు. పడిపోతే పొద్దున షిఫ్టు మారేదాకా ఎవరికీ తెలియదు.

2023 జూలై 19న ఉత్తరాఖండ్‌లోని చమోలీలో, అలకనంద ఒడ్డున ఉన్న ఎస్టీపీలో కరెంటు పాకి 16 మంది చనిపోయారు. ముందు అక్కడ పనిచేసే ఒకాయన చనిపోయాడు. ఆ సంగతి తెలిసి వచ్చిన పోలీసులు, హోంగార్డులు, ఊరివాళ్లు ఇనుప రెయిలింగు దగ్గర ఉండగా మళ్లీ కరెంటు వచ్చింది. మెయిన్ ఆపి, తాళం వేసి, ఆ తర్వాతే లోపలికి మనిషిని పంపాలి. అది డిగ్రీలో చెప్పే విషయం కాదు, ఒక్కరోజు శిక్షణలో నేర్పొచ్చు.

ఇక గ్యాసు. కలెక్షన్ ట్యాంకులో హైడ్రోజన్ సల్ఫైడ్ చేరుతుంది. కొంచెం ఉంటే కుళ్లిన కోడిగుడ్డు వాసన. ఎక్కువైతే ముక్కే మొద్దుబారి వాసన తెలియదు. వాసన పోయిందిలే అని దిగినవాడు దిగినట్టే కూలిపోతాడు, లాగబోయిన రెండోవాడూ పోతాడు. మనుషులతో పాకీపని చేయించడాన్ని నిషేధించే 2013 చట్టం ఏడో సెక్షన్ ప్రకారం మురుగు కాలువ, సెప్టిక్ ట్యాంకు ప్రమాదకర శుభ్రతకు మనిషిని నేరుగా కానీ ఏజెన్సీ ద్వారా కానీ పెట్టకూడదు. మొదటి నేరానికే రెండేళ్ల దాకా జైలు, రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఎస్టీపీ ట్యాంకు సెప్టిక్ ట్యాంకు కాదు కదా అని ఏజెన్సీలు వాదిస్తాయి. భూమిలోపల మానవ విసర్జన నిలవుండే ట్యాంకును వేరే పేరుతో పిలిచినంత మాత్రాన కోర్టు ఒప్పుకుంటుందని నేననుకోను. మురుగులో చనిపోయినవారి కుటుంబానికి పరిహారాన్ని సుప్రీంకోర్టు 2023 అక్టోబరులో 10 లక్షల నుంచి 30 లక్షలకు పెంచింది. కార్యదర్శి గారూ, అదనపు మనుషుల జీతం లెక్క వేసేటప్పుడు దీన్నీ పక్కన పెట్టుకోండి.

మియాపూర్_ఆపరేటర్

వకీలు సారు చెప్పింది నిజం. పంపుల బట్టపేలిక, శానిటరీ ప్యాడు ఇరికితె "జర దిగి తీయరాదె" అంటరు. దిగనంటె "ఇంకొకన్ని చూస్కుంటం" అంటరు. మా దోస్తు ఒకాయన గట్లనే దిగి, కండ్లు తిరిగి నిచ్చెన మీదనే ఆగిండు. వాచ్‌మన్ ఉండవట్టి పైకి గుంజిండు. కెనడా అన్న చెప్పిన లెక్క కాదనే హక్కు వస్తదంటె, పరీక్ష నేను రాస్త. తెలుగుల పెట్టాలె. కాయితం మీద కాదు, ప్లాంటు కాడ పెట్టాలె. జారు నా చేతికిచ్చి అడుగుండ్రి, ప్యానెల్ కాడ నిలవెట్టి అడుగుండ్రి.

కాకినాడ_కెమిస్ట్

అదే నా ఉద్దేశమూ. మన దేశంలో ఇలాంటిది కొత్తేం కాదు. బాయిలర్ల చట్టం 1923లోనే వచ్చింది, 2025లో దాని చోట కొత్త చట్టం వచ్చింది. బాయిలర్ దగ్గర సర్టిఫికెట్ ఉన్న అటెండెంటు లేకుండా నడపకూడదు. పని నేర్చుకున్నవాళ్లు పరీక్ష పాసై రెండో తరగతి, మొదటి తరగతి సర్టిఫికెట్లు తెచ్చుకుంటారు. రైసు మిల్లుల్లో ఎందరో అలా పైకొచ్చారు. గ్రీన్ జాబ్స్ స్కిల్ కౌన్సిల్ మురుగునీటి ప్లాంటు టెక్నీషియన్, హెల్పర్ కోర్సులు ఇప్పటికే రూపొందించింది. పాఠం ఉంది, దాన్ని అడిగే నిబంధనే లేదు. ప్లాంటు అనుమతి పత్రంలో బయటికొచ్చే నీళ్లు ఎలా ఉండాలో గడి గడికీ రాస్తారు. నడిపే మనిషి ఎలా ఉండాలో మాత్రం నేను చూసిన పత్రాల్లో ఎక్కడా లేదు.

మణికొండ_కార్యదర్శి

ప్రతి ప్లాంటుకూ డిప్లొమా సూపర్‌వైజర్ అంటే నేను ఇప్పటికీ ఒప్పుకోను. కానీ మియాపూర్ తమ్ముడు అడిగిన పరీక్షకు నా అభ్యంతరం లేదు. అర్జీని ఇలా మారిస్తే సంతకం పెడతాను. ఆపరేటర్‌కు ప్లాంటు దగ్గరే తెలుగులో పరీక్ష. పాతవాళ్లకు చదువు మినహాయింపు, పరీక్షకు మినహాయింపు లేదు. దగ్గర దగ్గరున్న ఐదారు ప్లాంట్లకు కలిపి ఒక కెమిస్టు, ఖర్చు అందరం పంచుకుంటాం. ట్యాంకు మూత తీసే పని ఏదైనా ఒక్కడితో చేయించకూడదు. బ్లోయర్ ఆపమని కమిటీ చెబితే లాగ్ బుక్కులో చెప్పినవారి సంతకం ఉండాలి. వీటితోపాటు, పంపు పైకి లాగే ఏర్పాటు, గాలి ఏర్పాటు లేని ప్లాంటుకు మండలి అనుమతి ఇవ్వకూడదు. ఈ చివరిది తీసేస్తే మాత్రం నేను రాను, బిల్డర్ తప్పించుకుంటాడు.

బెజవాడ_న్యాయవాది

ఒక్కడితో చేయించకూడదని రాస్తే చాలదు. "మనిషి దిగకూడదు, యంత్రంతోనే తీయాలి" అని రాయండి. ఇద్దరుంటే దిగొచ్చనే అర్థం రాకూడదు. ముసాయిదా ఇక్కడ పెట్టండి, చట్టం మాటలు నేను సరిచూస్తాను.

మియాపూర్_ఆపరేటర్

సార్, ఇంకొకటి గూడ రాయుండ్రి. శిక్షణకు వోయిన దినాలకు జీతం కొయ్యొద్దు. కోస్తరంటె మా ఆపరేటర్లల ఎవ్వరు రారు.

మణికొండ_కార్యదర్శి

రాస్తాను. మా ఏజెన్సీ ఒప్పందం వచ్చే నెల రెన్యువల్‌కు వస్తోంది. మండలి సంగతి తేలేలోపు ఈ షరతులు ముందు అందులోనే పెడతాం. ముసాయిదా ఆదివారం ఇక్కడ పెడతాను.