‘పెళ్ళి చేసి చూడు’లో ఆ ‘చూడు’ సవాలు కాదు

నిన్న మన చిత్తూరు వాళ్ళ గ్రూపులో ఒక తమ్ముడు అడిగిన ప్రశ్న రాత్రంతా నా తలలో తిరుగుతూనే ఉంది. అతను ఒక పెళ్ళి సినిమాకి ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ రాస్తున్నాడట. శుక్రవారం సాయంత్రం చుట్టాలు దిగడంతో మొదలై ఆదివారం అప్పగింతలతో అయిపోయే కామెడీ. హీరో అంటూ ఒకడు లేడు, ఇంటిల్లిపాదీ హీరోలే. అందులో పెళ్ళికూతురి తండ్రితో బావమరిది ‘ఊరికే అన్నారా బావా, ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అని’ అంటాడు. దాన్ని ‘దమ్ముంటే చేసి చూపించు’ అనే అర్థం వచ్చేలా రాశాడు. సరిపోయిందా అని అడిగాడు.

సరిపోలేదు తమ్ముడూ. సవాలు చేయాలనుకుంటే మనం ‘చేసి చూపించు’ అంటాం. చూపించడం ఎదుటివాళ్ళ కోసం, చూడటం తన కోసం. సామెతలో ఉన్నది ‘చూడు’. ఆ చూడటానికి కళ్ళతో పని కూడా లేదు. ఉప్పు సరిపోయిందో లేదో తిని చూస్తాం, పాట బాగుందో లేదో విని చూస్తాం, ఇస్తాడో ఇవ్వడో అడిగి చూస్తాం. చేస్తే తప్ప తెలియని సంగతి ఏదో ఇందులో ఉందని ఆ చిన్న మాట చెబుతుంది.

మా చిన్నాయన కూతురి పెళ్ళిలో నాకు ఈ సామెత అర్థమైంది. తిరుపతిలో కల్యాణ మండపం. మా వైపు చాలా ఇళ్ళలో అలవాటున్నట్టే ముందురోజు సాయంత్రం రిసెప్షన్, తెల్లవారుజామున నాలుగున్నరకి ముహూర్తం. తిరుపతిలో పెళ్ళంటే వచ్చిన చుట్టాల్లో సగం మంది మనసు కొండ మీదే ఉంటుంది. ‘ఇంత దూరం వచ్చి స్వామిని చూడకుండా పోతామా’ అని రిసెప్షన్‌లో ఇలా కనబడి అలా బస్సెక్కేస్తారు. మా పెద్దత్త కూడా వెళ్ళింది. తాళిబొట్టు, మధుపర్కాలు పెట్టిన గది తాళంచెవి ఆమె కొంగుకే ఉండిపోయింది. ఫోన్ చేద్దామంటే దర్శనం క్యూలోకి ఫోన్లు తీసుకుపోనివ్వరు. మనిషిని పంపుదామంటే అర్ధరాత్రి దాటాక ఘాట్ రోడ్డు మూసేస్తారు. ఇంటిల్లిపాదికీ టెన్షన్. మూడు గంటలప్పుడు చిన్నాయన వంటవాళ్ళ దగ్గర్నుంచి రుబ్బురోలు పొత్రం తెచ్చి తాళం పగలగొట్టాడు. నాలుగో దెబ్బకి ఊడింది. ఆ పొత్రం ఒళ్ళో పెట్టుకుని గడప మీదే కూలబడ్డాడు. కొత్త పట్టుపంచె నిండా రుబ్బిన పిండి మరకలు. ‘ఇల్లు కట్టినబ్బుడు గూడా ఇన్ని అగసాట్లు పళ్ళేదు. చేసి చూస్తే గదన్నా తెలిసేది’ అన్నాడు మా నాన్నతో.

ఎవరికి సవాలు విసిరాడు ఆయన? తనకి తెలిసొచ్చింది, అన్నతో చెప్పుకున్నాడు.

మా జేజి, అంటే నాయనమ్మ, ఈ సామెతని స్వామికి కూడా వాడేది. నారాయణవనంలో పద్మావతమ్మను పెళ్ళాడటానికి శ్రీనివాసుడు కుబేరుడి దగ్గర అప్పు చేశాడనీ, ఇప్పటికీ వడ్డీ కడుతూనే ఉన్నాడనీ మన వైపు తెలియనివాళ్ళు లేరు. ‘ఆయప్ప పెండ్లి చేసుకోని చూసినోడు, మన కష్టం ఆయనకి తెల్దా’ అనేది జేజి. ‘చూసినోడు’ అంటే ఇక్కడ అనుభవించినవాడు, అంతే.

చిత్తూరు వాళ్ళం కాబట్టి ఇంకో సాక్ష్యం మనకి ఇంటి పక్కనే దొరుకుతుంది. నగరి దాటితే అరవంలో ‘వీట్టై కట్టి పార్, కల్యాణం పణ్ణి పార్’ అంటారు. పలమనేరు దాటితే కన్నడంలో ‘మనె కట్టి నోడు, మదువె మాడి నోడు’. మూడు భాషల్లోనూ ఒకటే సామెత, ఒకటే ‘చూడు’. సవాలుకి ఆ రెండు భాషల్లోనూ వేరే మాట ఉంది: అరవంలో ‘కాట్టు’, కన్నడంలో ‘తోరిసు’. అంటే మన ‘చూపించు’. ముగ్గురూ దాన్ని పక్కన పెట్టి చూడటాన్నే ఎంచుకున్నారు. విజయా ప్రొడక్షన్స్ వాళ్ళు 1952లో ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో ‘పెళ్ళి చేసి చూడు’ తీసి, తమిళంలో ‘కల్యాణం పణ్ణి పార్’ అని పేరు పెట్టారు. మాటకి మాట సరిపోయింది, కొత్తగా వెతుక్కోవాల్సిన పనే పడలేదు.

ఇంకొకటి గమనించండి. మన పెళ్ళి మొత్తం ఈ ధాతువు చుట్టూనే తిరుగుతుంది. మొదలు పెళ్ళిచూపులు. మధ్యలో తండ్రి చేసి చూడటం. చివర అప్పగింతల్లో ‘పిల్లను బాగా చూసుకో నాయనా’. నాకు ఈ మూడింట్లో ఆఖరిదే ఎక్కువ ఇష్టం, వింటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది.

(కింద వచ్చిన మాటలు)

పలమనేరు నుంచి ఒక సభ్యుడు: అక్కా, బాగుంది. కానీ ‘నన్ను ముట్టుకుని చూడు’, ‘నా జోలికొచ్చి చూడు’ అంటే బెదిరింపే కదా? అక్కడ కూడా ఉన్నది చూడే.

నా జవాబు: మంచి ప్రశ్న తమ్ముడూ. అక్కడ కూడా మాటకి అర్థం ‘ఏమవుతుందో తెలుసుకో’ అనే. కాకపోతే ఆ అయ్యేదాన్ని చేసేవాడు మాట్లాడుతున్న మనిషే, అందుకే బెదిరింపు అవుతుంది. పెళ్ళి సామెత చెప్పేవాడు నిన్నేం చేయడు. తను ముందే చేసి చూసి ఉంటాడు, నీ పక్కన నిలబడి చెబుతాడు. సినిమాలో బావమరిది కూడా అంతే కదా, బావతో పాటు రాత్రంతా ఆ పందిట్లో తిరిగినవాడే.

చిత్తూరు నుంచి ఒక అక్క: మా ఇంట్లో దీన్ని పెళ్ళి కుదిరాక, పని మొదలుకాకముందు ఎవరూ అనరు. అప్పగింతలైపోయి, బంతి సామాను కడిగేటప్పుడు అంటారు.

నా జవాబు: నేను ఇంతసేపు చెప్పింది మీరు ఒక్క మాటలో తేల్చేశారక్కా. తమ్ముడూ, సబ్‌టైటిల్ మార్చేటప్పుడు దీన్ని పట్టుకో. ‘చేసినోళ్ళకే తెలుస్తుంది బావా’ అన్న భావం ఇంగ్లీషులో ఎట్లా పలుకుతుందో ఆలోచించు. మార్చాక ఇక్కడ పెట్టు, అందరం చూస్తాం.