భౌతికశాస్త్రం టీచర్ దొరకడం లేదు: బీఎడ్ లేనివారిని షరతు మీద నియమించుకోవచ్చా?

ప్రశ్న: ప్రైవేటు పాఠశాల ప్రధానోపాధ్యాయురాలు, పల్నాడు జిల్లా

అందరికీ నమస్కారం. మాది ఒక మండల కేంద్రంలో రాష్ట్ర సిలబస్‌తో నడిచే, ప్రభుత్వ సాయం లేని చిన్న ఉన్నత పాఠశాల. మా భౌతికశాస్త్రం మాస్టారికి మెగా డీఎస్సీలో స్కూల్ అసిస్టెంట్ ఉద్యోగం రావడంతో 2025 సెప్టెంబరులో నియామక పత్రం అందుకుని వెళ్లిపోయారు. అప్పటి నుంచి ఆయన పాఠాలు కూడా మా గణితం మాస్టారే చెబుతున్నారు. ప్రకటన ఇచ్చాము, తెలిసినవారందరికీ చెప్పాము, బీఎడ్ ఉన్నవారు వచ్చి జీతం సంగతి విని మళ్లీ ఫోన్ చేయలేదు.

ఈ మధ్య మా ఊరి అమ్మాయి ఒకరు అడిగారు. ఆమె భౌతికశాస్త్రంలో ఎమ్మెస్సీ, ప్రథమ శ్రేణి. ఎనిమిదో తరగతిలో డెమో పాఠం చెప్పించినప్పుడు రెండు బల్బులను ఒకే వరుసలో కలిపి, రెండూ ఎందుకు మసకగా వెలుగుతున్నాయని పిల్లలను అడిగి, వాళ్లు చెప్పిన తప్పు జవాబులను కొట్టిపారేయకుండా బోర్డు మీద రాసి, ఒక్కొక్కటీ తీగలు మార్చి వాళ్ల చేతనే పరీక్షింపజేశారు. అంత ఓపిక శిక్షణ పొందిన వారిలోనూ నేను అరుదుగా చూశాను. అయితే ఆమెకు బీఎడ్ లేదు.

మూడేళ్లలో బీఎడ్ పూర్తి చేయాలన్న షరతుతో నియామక పత్రం ఇవ్వవచ్చునని మా కరస్పాండెంట్ గారు అంటున్నారు. గతంలో శిక్షణ లేని టీచర్లకు కేంద్ర ప్రభుత్వమే గడువు ఇచ్చిందని, కొరత ఉన్నప్పుడు అమెరికాలో కూడా తాత్కాలిక అనుమతులు ఇస్తారని ఆయన వాదన. ఆ గడువు ఇప్పటికీ ఉన్నదా? వేరొకరి బీఎడ్ సర్టిఫికెట్‌ను రికార్డులో చూపించి ఈమె చేత పాఠాలు చెప్పించమని ఇంకొందరు సలహా ఇస్తున్నారు గానీ, అది నాకు ఇష్టం లేదు.

జవాబు: విశ్రాంత మండల విద్యాధికారి, గుంటూరు

మేడం గారికి నమస్కారం. కరస్పాండెంట్ గారు చెబుతున్న గడువు నిజంగానే ఉండేది, కాని అది ముగిసిపోయింది. పైగా దాన్ని ఇచ్చే అధికారం పాఠశాల యాజమాన్యానికి ఏనాడూ లేదు.

విద్యాహక్కు చట్టం 23వ సెక్షన్ ప్రకారం ఒకటి నుంచి ఎనిమిది తరగతుల టీచర్ల కనీస అర్హతలను జాతీయ ఉపాధ్యాయ విద్యామండలి, అంటే ఎన్‌సీటీఈ, నిర్ణయిస్తుంది. ఏదైనా రాష్ట్రంలో శిక్షణ సంస్థలు చాలినన్ని లేకపోయినా, అర్హులు తగినంతమంది దొరకకపోయినా, కేంద్ర ప్రభుత్వం నోటిఫికేషన్ ద్వారా ఆ అర్హతలను సడలించవచ్చు, అది కూడా ఐదేళ్లకు మించకుండా. బీహార్, పశ్చిమ బెంగాల్, అస్సాం, ఒడిశా వంటి రాష్ట్రాలు ఈ సడలింపును వాడుకున్నాయి. ఇక చట్టం అమలులోకి వచ్చిన 2010 ఏప్రిల్ 1 నాటికే అర్హత లేకుండా పనిచేస్తున్న టీచర్లు ఐదేళ్లలోగా దాన్ని సంపాదించుకోవాలని అదే సెక్షన్ చెప్పింది. ఆ ఐదేళ్లూ చాలకపోవడంతో 2017లో చట్టాన్ని సవరించి, 2015 మార్చి 31 నాటికి కొలువులో ఉన్నవారికి 2019 మార్చి 31 వరకు పొడిగించారు. ఆ తేదీలు చూస్తే మీ అభ్యర్థి ఏ గడువులోనూ పడరని తెలుస్తుంది. ఈ వెసులుబాటు అప్పటికే తరగతి గదిలో ఉన్నవారి కోసం తెచ్చినదే తప్ప, కొత్తగా తీసుకునేవారి కోసం కాదు.

ఈ సెక్షన్ ప్రైవేటు పాఠశాలలకు కూడా వర్తిస్తుంది. ఎనిమిదో తరగతి వరకు చెప్పేవారికి టెట్, అంటే ఉపాధ్యాయ అర్హత పరీక్ష, కూడా కావాలి. ప్రైవేటు బడుల్లో దాన్ని పట్టించుకున్నవారు తక్కువేనన్న మాట నిజమే, కాని సర్వీసులో ఉన్న టీచర్లకు సైతం టెట్ తప్పనిసరి అని 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పదవీ విరమణకు ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలి ఉన్నవారు రెండేళ్లలో ఉత్తీర్ణులు కావాలన్నది. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పినవారే మళ్లీ 150 మార్కుల పేపరు రాయవలసి వస్తుంటే, కొత్తగా వచ్చేవారికి మినహాయింపు దొరుకుతుందని అనుకోలేము. తొమ్మిది, పది తరగతులు విద్యాహక్కు చట్టం పరిధిలోకి రావు గానీ, అక్కడ ఎన్‌సీటీఈ నిబంధనలు బీఎడ్ అడుగుతాయి.

మరొక చిక్కు ఉంది. ఉద్యోగం చేస్తూ దూరవిద్యలో బీఎడ్ చేయవచ్చునని చాలామంది అనుకుంటారు. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల ప్రకారం దూరవిద్య బీఎడ్‌లో చేరాలంటే అంతకుముందే డీఎడ్ వంటి ఉపాధ్యాయ శిక్షణ పొంది ఉండాలి. కాబట్టి ఆ అమ్మాయి బీఎడ్ ప్రవేశ పరీక్ష ఎడ్‌సెట్ రాసి రెండేళ్ల రెగ్యులర్ కోర్సులోనే చేరాలి, రోజూ కాలేజీకి వెళ్లాలి. మన ప్రాంతంలో 'నాన్ అటెండింగ్' పేరుతో, తరగతులకు వెళ్లకుండానే పట్టా ఇప్పిస్తామంటూ సాగే బేరాల జోలికి మాత్రం ఆమెను పోనివ్వకండి.

ఇక సర్టిఫికెట్ అద్దె సంగతి. తనిఖీకి వెళ్లిన ఒక బడిలో హాజరుపట్టీలో నెలంతా సంతకం ఉన్న సైన్స్ టీచర్ పేరు చెప్పి, ఆమె ఎక్కడున్నారని ఏడో తరగతి పిల్లలను అడిగాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ పేరు గల మనిషిని వాళ్లు ఎన్నడూ చూడలేదు. మీకు ఇష్టం లేదన్నారు గనుక ఇంతకంటే చెప్పనక్కరలేదు.

జవాబు: ప్రైవేటు పాఠశాల ఉపాధ్యాయిని, బరంపురం, ఒడిశా

పెద్దలు చెప్పిన 2019 గడువులో చదివినవారిలో నేను ఒకరిని, కాబట్టి దాని తరువాతి కథ చెబుతాను. సవరణ వచ్చిన వెంటనే జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ, ఎన్‌ఐఓఎస్, శిక్షణ లేని టీచర్ల కోసం డీఎల్ఎడ్, అంటే ప్రాథమిక విద్యా డిప్లొమా, కోర్సు ప్రారంభించింది. దేశమంతటా పది లక్షల మందికి పైగా చేరారు. పగలు బడి, రాత్రి 'స్వయం' అనే ప్రభుత్వ ఆన్‌లైన్ పోర్టల్‌లో వీడియో పాఠాలు, సెలవు రోజుల్లో అధ్యయన కేంద్రంలో తరగతులు. చేతిరాతతో అసైన్‌మెంట్లు రాసి రాసి వేలికి కాయ కాసింది. ఇంటర్‌లో 50 శాతం మార్కులు లేని జనరల్ కేటగిరీ వారు ఆ మార్కులు పెంచుకోవడానికి పన్నెండో తరగతి పరీక్ష కూడా మళ్లీ రాయవలసి వచ్చింది.

అసలు ఇబ్బంది కోర్సు ముగిశాక మొదలైంది. అది పద్ధెనిమిది నెలల కోర్సు, నియామక నిబంధనలు అడిగేది రెండేళ్ల డిప్లొమా. ఉన్న ఉద్యోగం నిలుపుకోవడానికి ఇది చాలుతుంది గానీ కొత్త ఉద్యోగానికి చాలదన్న వాదన లేచింది. రెండేళ్ల డిప్లొమాతో అది సమానం కాదని 2023 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పడంతో నా వంటివారి దరఖాస్తులు పక్కన పెట్టారు. 2017 ఆగస్టు 10 నాటికి సర్వీసులో ఉండి, గడువులోగా కోర్సు పూర్తి చేసినవారి డిప్లొమా చెల్లుతుందని ఆ తరువాత అదే కోర్టు స్పష్టం చేసే దాకా మాకు ఊపిరి ఆడలేదు. తాత్కాలిక సడలింపు కింద ఇచ్చిన అర్హత ఆ సడలింపు ముగిశాక ఎంతవరకు పనికొస్తుందో ముందే అడిగి తెలుసుకోవాలని ఆ ఎమ్మెస్సీ అమ్మాయికి నా మాటగా చెప్పండి.

జవాబు: కాలిఫోర్నియా నుంచి ఒక తెలుగు ఉపాధ్యాయిని

అమెరికా ప్రస్తావన వచ్చింది గనుక రాస్తున్నాను. ఇక్కడ ఒక్కో రాష్ట్రానికి ఒక్కో నియమం, నాకు తెలిసినది కాలిఫోర్నియా. మన దగ్గర చదివిన ఎమ్మెస్సీ పట్టాను ఇక్కడి లైసెన్సింగ్ కమిషన్ ఆమోదించిన సంస్థ చేత మదింపు చేయించుకుని, హెచ్-4 (ఉద్యోగ వీసా మీద ఉన్నవారి జీవిత భాగస్వామికి ఇచ్చే) వీసా మీద పని అనుమతితో, 'షార్ట్ టర్మ్ స్టాఫ్ పర్మిట్' కింద నేను తరగతిలో అడుగుపెట్టాను. అనుకోకుండా ఖాళీ ఏర్పడితే వాడేది ఇది. ఒక సంవత్సరానికి మించి ఉండదు, పునరుద్ధరణ లేదు. డిగ్రీ, సబ్జెక్టులో తగినన్ని క్రెడిట్లు, వేలిముద్రల తనిఖీ తప్పనిసరి. దరఖాస్తు పెట్టేది స్కూల్ డిస్ట్రిక్టు, పర్మిట్ కూడా ఆ డిస్ట్రిక్టులోనే చెల్లుతుంది. ఉద్యోగం మానేసి దాన్ని పక్క ఊరికి పట్టుకెళ్లడం కుదరదు.

కొరత ముందే తెలిసిన చోట మరో రకం పర్మిట్ ఉంది. దానికి డిస్ట్రిక్టు ముందుగా ప్రకటనలు ఇచ్చి, కాలేజీలను సంప్రదించి, అర్హుల కోసం వెతికినట్టు చూపాలి, తమ పాలకమండలి సమావేశంలో బహిరంగంగా తెలియజేయాలి. ఆ తరువాత ఇంటర్న్ దశ వస్తుంది. 120 గంటల ముందస్తు శిక్షణ పొంది, యూనివర్సిటీ కార్యక్రమంలో చదువుతూనే, సహాయకుల పర్యవేక్షణలో రెండేళ్ల వరకు బోధించవచ్చు. కరస్పాండెంట్ గారు కోరుకుంటున్నది దాదాపు ఇదే. అయితే ఇక్కడ ఆ షరతును రాష్ట్రం విధిస్తుంది, నేర్పించే బాధ్యత ఫలానావారిదని కాగితం మీద ఉంటుంది. నియామక పత్రంలో ఒక వాక్యం చేర్చినంత మాత్రాన ఆ ఏర్పాటంతా రాదు.

జవాబు: డీఎడ్, బీఎడ్, టెట్ అభ్యర్థి, ఖమ్మం

క్షమించాలి, నాకు ఈ చర్చ మొదలైన తీరే సరిగా తోచలేదు. తాత్కాలిక అనుమతి అన్నది చదువుకున్నవారు లేనిచోట అడగవలసినది. మెగా డీఎస్సీలో 16,347 పోస్టులకు మూడు లక్షల మందికి పైగా పోటీ పడ్డారు. తెలంగాణలో 2017 నాటి నియామక ప్రకటన తరువాత 2023లో ఇచ్చినదాన్ని రద్దు చేసి 2024లో గానీ కొత్తది ఇవ్వలేదు, ఆంధ్రప్రదేశ్‌లో 2018 తరువాత 2025 వరకు ఆగవలసి వచ్చింది. ఆ మధ్య ఏళ్లలో బడులు ఖాళీగా ఉన్నది మా చేతుల్లో సర్టిఫికెట్లు లేక కాదు, నోటిఫికేషన్ లేక.

మన దగ్గర 'తాత్కాలికం' అన్నది అర్హతలో కంటే జీతంలోనే ఎక్కువ కనిపిస్తుంది. వెనుకటి తరంలో నెలకు 398 రూపాయల మీద స్పెషల్ టీచర్లను పెట్టారు. మా తరంలో నెలకు 12,000 రూపాయలకు విద్యా వాలంటీర్లుగా పనిచేశాము, కరోనాతో బడులు మూతపడ్డాక మమ్మల్ని మళ్లీ పిలవలేదు. మేడం గారూ, బీఎడ్ ఉన్నవారు జీతం విని ఫోన్ చేయలేదని మీరే రాశారు. ఎంత చెప్పారో అడగవచ్చునా? ఆ ఎమ్మెస్సీ అమ్మాయి ఎంతకు ఒప్పుకున్నారు?

ప్రశ్న అడిగినవారు

ఖమ్మం సోదరుడు అడిగినది న్యాయమే. వెళ్లిపోయిన మాస్టారికి ఇచ్చిన దానికంటే తక్కువే చెప్పాము, ఆ అమ్మాయి అంతకంటే తక్కువకు ఒప్పుకున్నారు. జీతాలు నిర్ణయించేది నేను కాదు గానీ, ఈ జవాబులన్నీ ముద్రించి కరస్పాండెంట్ గారి బల్ల మీద పెట్టాను. ఒక్క సందేహం మిగిలింది. కొత్తవారు దొరికేలోపు మా గణితం మాస్టారే సైన్స్ చెబితే అది కూడా నిబంధనలకు విరుద్ధమేనా? ఆయన బీఎస్సీలో గణితంతో పాటు భౌతికశాస్త్రం చదివారు, బీఎడ్ ఉంది, టెట్ గణితం, సైన్స్ విభాగంలో ఉత్తీర్ణులు.

జవాబు: విశ్రాంత మండల విద్యాధికారి, గుంటూరు

ఆరు నుంచి ఎనిమిది వరకు విరుద్ధం కాదమ్మా. విద్యాహక్కు చట్టం షెడ్యూల్లో సైన్స్, గణితం రెండింటికీ కలిపి ఒక టీచర్, సాంఘికానికి ఒకరు, భాషలకు ఒకరు కనీసం ఉండాలని రాశారు. టీచర్ల సంఖ్య తరగతికి ఒకరికి తగ్గకూడదు, 35 మంది పిల్లలకు ఒక టీచర్ నిష్పత్తి దాటకుండా చూసుకోండి. తొమ్మిది, పది తరగతులకు మాత్రం ఫిజికల్ సైన్స్ మెథడాలజీతో బీఎడ్ చేసినవారిని పాత మాస్టారి జీతానికి తగ్గకుండా తీసుకోండి. డీఎస్సీలో కొద్ది మార్కులతో తప్పిపోయినవారు మీ మండలంలోనే దొరుకుతారు.

ఆ ఎమ్మెస్సీ అమ్మాయిని ఎడ్‌సెట్ నోటిఫికేషన్ కోసం కనిపెట్టుకుని ఉండమనండి. సీటు వచ్చి కాలేజీలో చేరే వరకు ల్యాబ్ సహాయకురాలిగా పెట్టుకోవచ్చు. కాని టైంటేబుల్లో, రికార్డులో టీచర్ గడిలో ఆమె పేరు రాయకండి. బీఎడ్ రెండో ఏడాదిలో ఇంటర్న్‌షిప్ ఉంటుంది, అప్పుడు మీ బడిని కేటాయించమని ఆమె కాలేజీకి ఒక లేఖ పెట్టి చూడండి.