టాప్ ఫ్లోర్ వేడి: ఏసీ కొనాలా, డాబాకి తెల్లరంగు వేయించాలా? ఆ ఖర్చు ఎవరిది?

ఐదో అంతస్తు (ఉప్పల్, హైదరాబాద్)
ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో మాది అన్నిటికన్నా పైది. సొంత ఫ్లాటే, 1,100 అడుగులు, పడమటి గోడకి నీడ లేదు. రాత్రి పదకొండుకి మంచమెక్కి సీలింగ్‌కి చెయ్యి ఆనిస్తే, పొయ్యి మీంచి దించిన పెనంలా వెచ్చగా ఉంటోంది. ఫ్యాన్ వేస్తే ఆ వేడే మొహాన కొడుతుంది. మా ఆవిడ ఏసీ కొందామంటోంది. నేను ముందు డాబాకి కూల్ పెయింట్ (ఎండని వెనక్కి కొట్టే తెల్లరంగు) అంటున్నా. కూలీతో కలిపి అడుగుకి 28 రూపాయలు చెప్పారు, అంటే ముప్పై వేలు దాటుతుంది. అసోసియేషన్‌లో అడిగితే "మీ ఇల్లు చల్లబడటానికి మేమెందుకు కట్టాలి" అన్నారు. వడియాలు పెట్టుకునేటప్పుడు డాబా అందరిదీ, రంగు వేసేటప్పుడు నా ఒక్కడిదా?

మీటర్ రీడింగ్
అన్నా, ముందు ఏసీ లెక్క చూడండి. టన్నున్నర ఇన్వర్టర్ ఏసీ, మీ వేడి స్లాబు కింద, గంటకి సుమారు ఒక యూనిట్ తింటుంది. రాత్రికి ఎనిమిది గంటలంటే నెలకి 240 యూనిట్లు, ఇంటి వాడకం దీనికి అదనం. రేషన్ కార్డు మీద గృహజ్యోతి (తెలంగాణ ఉచిత కరెంటు పథకం) వస్తున్నవాళ్లకి ఇంకా నొప్పి: 200 యూనిట్లు దాటిన నెలలో సున్నా బిల్లు పోతుంది, మొత్తం కట్టాల్సిందే. మా పక్కింట్లో మే నెలంతా సాయంత్రం మీటర్ చూసొచ్చాకే ఏసీ రిమోట్ ముట్టుకునేవాళ్లు.

కూలర్ అయితే 180 వాట్లు, రాత్రి పది గంటలు నడిపినా నెలకి 54 యూనిట్లు. కూలర్ తీసుకోండి, గొడవ వదిలిపోతుంది.

బెజవాడ ఉక్క
మీటర్ గారూ, ఆ సలహా మీ ఊరి వరకే. కూలర్ పనంతా నీళ్లు ఆవిరవడం మీదే కదా. ఏప్రిల్, మే మధ్యాహ్నాల్లో హైదరాబాద్‌లో గాలి పొడిగా ఉంటుంది, పని చేస్తుంది. మాకు ఉక్క. మా తమ్ముడి మాట విని రెండేళ్ల క్రితం కొన్నా, వారం తిరిగేసరికి దుప్పట్లు చెమ్మ, బీరువాలో బట్టలు వాసన. ఇప్పుడది బాల్కనీలో ఉల్లిపాయల బుట్టకి స్టాండు.

మీటర్ రీడింగ్
కిటికీ తెరిచారా? తడిగాలి బయటికి పోయే దారి లేకపోతే హైదరాబాద్‌లోనూ అంతే. చాలామంది తలుపులన్నీ బిగించుకుని కూలర్‌ని తిడతారు. అయినా తీర ప్రాంతానికి అది నప్పదు, ఒప్పుకుంటా.

ఖజాంచి
నేనూ ఒక అసోసియేషన్‌లో లెక్కలు చూస్తాను కాబట్టి అటువైపు మాట చెబుతా, తిట్టకండి. ఇవాళ పైవాళ్ల డాబాకి డబ్బిస్తే రేపు గ్రౌండ్ ఫ్లోర్ వాళ్లు దోమల మెష్ అడుగుతారు. టాప్ ఫ్లోర్ వేడని తెలిసే కదా కొన్నారు? వేడి పేరు చెప్పి రేటు తగ్గించుకున్నవాళ్లూ ఉన్నారు. 2023లో తెలంగాణ కూల్ రూఫ్ పాలసీ తెచ్చిందని మా దగ్గరా ఒకాయన కాగితం పట్టుకొచ్చాడు. ఇళ్ల విషయంలో అది తప్పనిసరి 600 గజాలు, ఆపైన స్థలంలో కొత్తగా కట్టేవాటికి. పాత బిల్డింగ్‌ని బలవంతపెట్టలేరు.

లీకేజీ ఉంటే మాత్రం మాట మారుతుంది. స్లాబు కారితే బిల్డింగ్ మొత్తానికి నష్టం. చాలా కూల్ పెయింట్లు వాటర్‌ప్రూఫింగ్‌కి కూడా పనికొస్తాయి. అలా అడిగి చూడండి.

పాత డాబా (ఖమ్మం)
ముప్పై వేలు ఎందుకు బాబూ? మా అమ్మ ప్రతి ఉగాదికీ డాబా కడిగించి సున్నం కొట్టించేది. ఇప్పుడు నేనూ అదే చేస్తున్నా. సున్నం రాత్రే నానబెట్టి వడగట్టి, కాస్త ఫెవికాల్ కలిపి రెండు చేతులు వేయాలి. పోయిన ఏడాది కూలీతో నాకు మూడు వేలలో అయింది. పగలంతా కాంక్రీటు వేడి పీల్చుకుని రాత్రి మన నెత్తిన వదలడమే మీ బాధ. తెల్లగా ఉంటే ఎండ వెనక్కి పోతుంది, స్లాబు అంతగా కాగదు. ఏసీలా చల్లగా అయితే ఉండదు, ఆ భ్రమ వద్దు. మా ఇంట్లో మాత్రం రాత్రి పన్నెండుకి వచ్చే నిద్ర పదిన్నరకి వస్తోంది.

చిక్కులు కూడా చెప్పాలి. వానలకి కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. దుమ్ము పడితే సగం గుణం పోతుంది. కాళ్లకి అంటుకుని ఇల్లంతా తెల్లటి పాదాలు. మా కోడలు ఆ నెల నాతో సరిగా మాట్లాడదు.

అద్దె ఇల్లు
అందరూ ఓనర్లే మాట్లాడుతున్నారు. పదకొండు నెలల అగ్రిమెంట్ ఉన్నవాడు పరాయి డాబాకి సున్నం కొడతాడా? నేను చేసింది ఇది: పడమటి బాల్కనీకి బయటివైపు గ్రీన్ నెట్ కట్టా. లోపల కర్టెన్ వేస్తే అప్పటికే ఎండ అద్దం దాటి వచ్చేసి ఉంటుంది, బయటే ఆపాలి. పొద్దున తొమ్మిదికి కిటికీలు మూసి, రాత్రి ఎదురెదురు కిటికీలు తీస్తా. 75 వాట్ల పాత ఫ్యాన్ల బదులు 30 వాట్ల బీఎల్‌డీసీవి (తక్కువ కరెంటు తినే మోటారువి) పెట్టా. అవి గదిని చల్లబరచవు, బిల్లు తగ్గిస్తాయంతే. ఇల్లు మారితే విప్పుకుపోతా.

మీటర్ రీడింగ్
రోహిణి కార్తెలో, ఇంట్లో పెద్దవాళ్లో పసిపిల్లలో ఉంటే నెట్టూ సున్నమూ చాలవు. 2015 ఎండలకి రెండు రాష్ట్రాల్లో కలిపి వెయ్యికి పైగా మంది పోయారు. ఒక్క గదికైనా ఏసీ పెట్టుకోండి, 18లో కాదు, 26లో పెట్టి ఫ్యాన్ తిప్పండి. ఒక్కో డిగ్రీకి దాదాపు 6 శాతం కరెంటు మిగులుతుందని కరెంటు పొదుపు చూసే కేంద్ర సంస్థ బీఈఈ వాళ్లే చెబుతారు.

ఐదో అంతస్తు
ఆదివారం మీటింగ్ అయింది. ముందు స్లాబు సంగతి ఎత్తలేదు. మధ్యాహ్నం రెండింటికి ట్యాంకు నీళ్లు ఒక చెంబులో పట్టుకెళ్లి బల్ల మీద పెట్టా. ఎవరూ వేలు ముంచి ఉంచలేకపోయారు. ఇవే మీ అందరి బాత్రూముల్లోకి వస్తున్నాయన్నా. ట్యాంకు మీద షేడ్ నెట్‌కి, ట్యాంకుకి తెల్లరంగుకి అయిదు నిమిషాల్లో ఒప్పుకున్నారు. స్లాబుకి మాత్రం "మీరే చూసుకోండి". పాత డాబా గారూ, 1,100 అడుగులకి సున్నం ఎన్ని కిలోలు పడుతుంది? శనివారం సాయంత్రం మొదలుపెడుతున్నా. ఏసీ ఒక్క పడకగదికే, వచ్చే నెల. మా ఆవిడ ఈ షరతు మీదే ఒప్పుకుంది.

పాత డాబా (ఖమ్మం)
అరవై కిలోలు తెచ్చుకోండి, మిగిలితే పడమటి గోడకి కొట్టండి. చెప్పులు డాబా మెట్ల దగ్గరే విడవండి.