బోరు చేయించిన ఇంజిన్: 40లో తోలాలా, తొక్కి తోలాలా?

పటమట_800:
మా 2007 మారుతి 800కి ఆటోనగర్‌లో ఫుల్ ఇంజిన్ పని చేయించాం. బోరు చేసి (అరిగిన సిలిండర్ గోడని లోపల కాస్త పెద్దగా కోసి) ఓవర్‌సైజ్ పిస్టన్లు, వాటి చుట్టూ ఉండే రింగులు, బేరింగులు కొత్తవి వేశారు, వాల్వులు తెరిచే క్యామ్ మాత్రం పాతదే. రేపు స్టార్ట్ చేస్తారు. మెకానిక్ ఏమో షెడ్డులోనే 2 గంటలు స్లోలో (బండి కదలకుండా ఐడిల్‌లో) పెట్టి వదిలేస్తాం, తర్వాత 1000 కిలోమీటర్ల దాకా 40 దాటొద్దు అంటున్నాడు. మా బావ మాత్రం "మొదటి రోజే హైవే ఎక్కించి తొక్కు, లేకపోతే రింగులు జన్మలో సెట్ కావు" అంటాడు. ఇద్దరూ చేతులు కాలినవాళ్లే. ఎవరి మాట వినాలి? టెన్షన్‌గా ఉంది.

అంబాసిడర్_అభిమాని:
మెకానిక్ మాటే వినండి. మా రోజుల్లో వెనక అద్దం మీద "రన్నింగ్ ఇన్" (ఇంజిన్ ఇంకా కొత్తది, సర్దుకుంటోంది) అని రాసుకుని తిరిగేవాళ్లం, ఎవడెన్ని హారన్లు కొట్టినా 40 దాటేవాళ్లం కాదు. కొత్త బోరు టైట్‌గా ఉంటుంది, పైగా బెజవాడ ఎండలు. తొక్కితే పిస్టన్ పట్టేస్తుంది. షెడ్డులో తిప్పడం కూడా ఊరికే పుట్టిన పద్ధతి కాదు.

క్రాస్‌హాచ్:
ఆ 2 గంటల స్లో వద్దని ముందు ఫోన్ చేసి చెప్పండి, మిగతా గొడవ తర్వాత చూద్దాం.

రింగు తన బిగువుతోనే గోడకు అతుక్కుంటుందని చాలామంది అనుకుంటారు, అది కొంతవరకే నిజం. లోపల మంట అంటుకున్నప్పుడు ఆ గ్యాస్ రింగు వెనక సందులోకి దూరి దాన్ని బోరు గోడకేసి నొక్కుతుంది, అసలు బలం అదీ. లోడు లేకుండా స్లోలో తిరిగే ఇంజిన్‌కి అంత ప్రెషర్ ఎక్కడిది? హోనింగ్ చేసిన (రాయితో సన్నగా గీతలు పడేలా సానపట్టిన) బోరులోకి టార్చ్ వేసి చూడండి, ఏటవాలు గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ వల అల్లినట్టు కనిపిస్తాయి. ఆ గీతల్లో ఆయిల్ నిలుస్తుంది, వాటి అంచులూ రింగూ ఒరుసుకుని ఒకదానికొకటి సరిపోవాలి. ప్రెషర్ లేకుండా తిప్పుతూ కూర్చుంటే అంచులు అరగకముందే ఆయిల్ మాడి గోడ మీద వార్నిష్‌లా పేరుకుంటుంది. ఇక అంతే. ఆయిల్ తాగడం, బ్యాక్ కంప్రెషన్ కొట్టడం (గ్యాస్ రింగులు దాటి కిందికి లీకవడం), మళ్లీ ఇంజిన్ దింపి హోనింగ్ చేయించడం.

అభిమాని గారు చెప్పే షెడ్డు పద్ధతి క్యామ్ నేరుగా టాపెట్ల మీద ఒరుసుకునే పాత ఇంజిన్లకు కొత్త క్యామ్ వేసినప్పటిది. అక్కడైనా 20 నిమిషాలు, అదీ 2000 ఆర్‌పీఎం పైన. స్లోలో క్యామ్ మీదికి ఆయిల్ సరిగ్గా చిందదు కాబట్టే ఆ రూలు.

అలాగని బావగారిలా తొక్కేయమనడం లేదు. స్పీడు వేరు, లోడు వేరు. లీకులు చూసుకుని, ఇంజిన్ వేడెక్కాక, మూడో గేరులో 30 నుంచి 60 దాకా యాక్సిలరేటర్ సగానికి పైగా నొక్కి లాగండి, తర్వాత కాలు పూర్తిగా తీసేసి గేరులోనే మెల్లబడనివ్వండి. కాలు తీసినప్పుడు సిలిండర్‌లో వాక్యూమ్ పుట్టి ఆయిల్ రింగుల దాకా వస్తుంది, అరిగిన పొడిని కడుగుతుంది. ఇలా పదిపన్నెండు సార్లు. ఒకే స్పీడులో గంటలకొద్దీ పోవద్దు, అది 40 అయినా 80 అయినా.

గుంటూరు_గేర్‌బాక్స్:
థియరీ బాగుంది అన్నా, కానీ అది పని సరిగ్గా జరిగిన ఇంజిన్‌కి. ప్రతి పిస్టన్‌నీ కొలిచి దానికి తగ్గట్టు బోరు చేశారా? రింగు గ్యాప్ (రింగు రెండు కొసల మధ్య సందు) ఫీలర్ గేజితో, అంటే సందు కొలిచే సన్నటి రేకులతో చూశారా? గ్యాప్ తక్కువైతే వేడికి రింగు కొసలు ఒకదానికొకటి తగులుకుని బోరుని గీకేస్తాయి. మెకానిక్ 40 అనేది తన పని మీద తనకే ఉన్న అనుమానంతో, నన్నడిగితే.

క్రాస్‌హాచ్:
సరే, కానీ గ్యాప్ లేని ఇంజిన్ 40లో బాగుపడుతుందా? తప్పు బయటపడటం ఆలస్యమవుతుంది, అప్పటికి గ్యారంటీ అయిపోతుంది.

అంబాసిడర్_అభిమాని:
అరిగి లూజవుతుంది కదయ్యా, రన్నింగ్ అంటేనే అది!

పటమట_800:
మెకానిక్‌తో మాట్లాడాను. లీకులు చూసుకునేంతసేపే స్టార్ట్‌లో ఉంచుతానన్నాడు, తేడా వస్తే నన్నడగొద్దని కూడా అన్నాడు. గ్యాప్ సంగతి అడిగితే "చూశాం చూశాం" అన్నాడు. ఆదివారం తెల్లవారుజామున ఇబ్రహీంపట్నం దాటించి నందిగామ వైపు తీసుకెళ్తా. సింథటిక్ ఆయిల్ పోయించనా?

గుంటూరు_గేర్‌బాక్స్:
మామూలు మినరల్ ఆయిల్ చాలు, ఎలాగూ త్వరగా పారబోసేదే. పోర్షేలు ఫ్యాక్టరీ నుంచే సింథటిక్‌తో వస్తాయని ఎవరైనా అంటారు, ఆ ఫ్యాక్టరీ హోనింగూ మన లేత్ షెడ్డు హోనింగూ ఒకటి కాదు. బయల్దేరే ముందు రేడియేటర్‌లో గాలి లేకుండా చూసుకోండి, ఫ్యాన్ ఆన్ అవుతోందో లేదో కూడా. ఏసీ వద్దు.

క్రాస్‌హాచ్:
ఆయిల్ విషయంలో గేర్‌బాక్స్ మాటే నాదీ. తిరిగొచ్చాక ఫిల్టర్‌తో సహా మార్పించండి, తీసిన ఆయిల్‌లో అయస్కాంతం తిప్పితే సన్నటి బూడిదరంగు పేస్టు అంటుకుంటుంది, అది మామూలే. గోరుకు తగిలే ముక్కలుంటే మాత్రం బండి కదపకుండా మెకానిక్‌ని పిలవండి. మళ్లీ 1000 కిలోమీటర్లకి ఒకసారి మార్చండి, ఈలోగా రోజూ పొద్దున్నే ఆయిల్ గేజి తీసి చూడండి. మొదట్లో కాస్త తగ్గితే కంగారొద్దు.

అంబాసిడర్_అభిమాని:
నేనైతే 40లోనే తోలతా.